ఆరా తీస్తున్నట్టు అనిపించకుండా అడిగి తెలుసుకోవడం ఎలా?

"ఈ సంగతులన్నీ మీకు ఎవరు చెప్తారు సార్? మేం అడిగితే ముక్తసరిగా రెండు ముక్కలు చెప్పి మొహం తిప్పేసుకుంటారు."

ఈ మాట వినకుండా నాకు నెల గడవదు. కావలి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెబుతాను. సెలవు రోజుల్లో ఊళ్ల వెంట తిరిగి కనిపించినవాళ్లను కనిపించినదాని గురించి అడగడం నా అలవాటు. మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఇంకోలా అడుగుతారు: "మావాడు ఐదో తరగతి దాకా ప్రశ్నలతో ప్రాణం తీసేవాడు, ఇప్పుడు నోరే విప్పడు, ఏం చేయాలి?" ఈమధ్యే రిటైరైన స్నేహితుడిది మరో బాధ. పొద్దున టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు గానీ షుగరు, బీపీ, రాజకీయం అయిపోయాక ఇంక ఏం మాట్లాడాలో తోచదట. ముగ్గురికీ నేను చెప్పేది ఒకటే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక సంగతి. మనవైపు ప్రశ్నలకు కరువు లేదు. కావలిలో ఒంగోలు బస్సెక్కితే ఉలవపాడు దాటేలోపు పక్క సీటాయన మీ ఊరు, జీతం, పిల్లల పెళ్లిళ్లు, సొంతిల్లా అద్దిల్లా అన్నీ రాబట్టేస్తాడు. "మీరెవరు?" అని కూడా అడుగుతాడు. దానికి పేరు చెప్తే సరిపోదని మీకూ తెలుసు, అడిగింది కులం. దీన్నే ఆరా అంటాం. ఎదుటి మనిషి మనకన్నా పైనున్నాడా కిందున్నాడా అని తూచడానికి అడిగేవి ఇవన్నీ. నేను చెప్పబోయే అడగడంలో ఆ మనిషి తూకం అక్కర్లేదు, ఆయన చేతిలో ఉన్న పని కావాలి. జనం మొహం తిప్పేసుకుంటున్నారంటే మీరు రెండోది అడుగుతున్నా వాళ్లకు మొదటిదానిలా వినపడుతోందన్నమాట. కింద రాసిన పద్ధతంతా ఆ ఒక్క ఇబ్బంది దాటడానికే.

కావాల్సినవి

- జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో రాసుకుంటే కుదరదా అని అడుగుతారు. కుదరదు. మాట మధ్యలో ఫోన్ తీస్తే ఎదుటివాళ్లు రికార్డింగ్ అనుకుంటారు.
- తొందర లేని ఒక అరగంట.
- మీరు రోజూ చూసే ఒక వస్తువు గానీ పని గానీ.
- తప్పు చెప్పి నవ్వులపాలు కావడానికి కాస్త ఓపిక. అన్నిటికన్నా ఇది దొరకడమే కష్టం, ముఖ్యంగా నాలాంటి టీచర్లకు.

1. మనిషి కోసం వెతక్కండి, ముందు వస్తువును పట్టుకోండి

"ఎవరితో మాట్లాడాలి?" అని మొదలుపెడితే దారి మళ్లీ ఆరా వైపే పోతుంది. మీ కళ్లకు అలవాటై ఇక కనపడకుండా పోయిన దాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. వంటింట్లో గట్టు మీద పరిచిన చీమకుర్తి నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కదా, అవేంటి? ఉదయగిరి చెక్క గరిటెలకు ఏ చెట్టు కర్ర వాడతారు? పొగాకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్‌లో పచ్చటి ఆకు మాడిపోకుండా పసుప్పచ్చగా ఎలా మారుతుంది? విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో రాత్రంతా నీళ్లు చిమ్ముతూ చక్రాలు ఎందుకు తిరుగుతాయి?

వస్తువు దొరికాక చిన్న పరీక్ష పెట్టుకోండి. అదెలా పనిచేస్తుందో పదేళ్ల పిల్లకు చెబుతున్నట్టు ఐదు వాక్యాల్లో పైకి చెప్పండి. మూడో వాక్యం దగ్గర తడబడతారు. తడబడిన చోటే మీ ప్రశ్న ఉంది. 2002లో రోజెన్‌బ్లిట్, కైల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో జిప్పు, ఫ్లష్ లాంటి మామూలు వస్తువులతో ఇలాంటి పరీక్షే పెట్టారు. తమకు బాగా తెలుసని ముందు గట్టిగా చెప్పినవాళ్లే, వివరంగా రాయమనేసరికి తమకు తామే మార్కులు తగ్గించుకున్నారు. సిద్ధాంతం ఇంతకుమించి అక్కర్లేదు.

ఒకటి జాగ్రత్త. మొదటి వారం పెద్ద ప్రశ్నలు వద్దు. "వ్యవసాయం ఎందుకు గిట్టుబాటు కావట్లేదు?" అంటే ఎదుటివాళ్లు ఉపన్యాసం అందుకుంటారు, మీరు తలూపుతూ కూర్చోవాలి. చేత్తో పట్టుకుని చూపించగలిగినంత చిన్న ప్రశ్న కావాలి.

2. అడగడానికి ముందు మీ ఊహ రాసిపెట్టండి

తప్పో ఒప్పో ఒక వాక్యం, తేదీ వేసి. రొయ్యల గుంట గురించి నా పుస్తకంలో "మేత అన్ని మూలలకీ సర్దడానికి తిప్పుతారేమో" అని ఉంది. తప్పే. కానీ అది రాసి ఉండబట్టే జవాబు విన్నప్పుడు ఎక్కడ దెబ్బతిన్నానో తెలిసింది. ఊహ రాయకుండా వెళ్తే జవాబు వినగానే "ఆ, నేనూ అదే అనుకున్నా" అంటారు. ఆ అబద్ధం మనకే తెలియకుండా చెప్పేస్తాం.

3. దాని మీద చెయ్యి ఉన్న మనిషిని అడగండి

యజమానిని వద్దు, సూపర్‌వైజర్ని వద్దు. గుంట గురించి గుంట దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషిని, మగ్గం గురించి మగ్గం మీద కూర్చున్న ఆవిణ్ణి, దోసె గురించి పెనం ముందు నిలబడ్డాయన్ని అడగండి. యజమానిని అడిగితే లెక్కలు చెప్తాడు, లేకపోతే కష్టాలు చెప్తాడు.

ఫోన్లో వెతకడం తప్పు కాదు, కాకపోతే అది ఆఖర్న. జవాబు ముందే చదువుకుని వెళ్తే మీ గొంతులోనే తెలిసిపోతుంది. ఎదుటి మనిషిని పరీక్ష పెడుతున్నట్టుంటుంది.

4. వేళ చూసుకోండి

పొద్దున 8 గంటలకు టిఫిన్ కొట్టు మాస్టర్ని ప్రశ్న అడిగితే తిట్టకపోవడం ఆయన మంచితనం. 11 దాటాక వెళ్లండి. మత్స్యకారులను వల లాగేటప్పుడు అడక్కండి. వల బాగుచేసుకుంటూ పడవ నీడన కూర్చున్నప్పుడు అడగండి, చేతులకు పనుంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది. పొగాకు రైతునైతే వేలం రోజున అడగకండి. బ్యారన్‌లో ఆకు కాల్చే రోజుల్లో రాత్రిపూట వెళ్లండి. వేడి హెచ్చుతగ్గులు చూసుకుంటూ ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి, మాటకు తోడు దొరికితే వాళ్లకూ సంతోషమే. ముందు తక్కువ వేడి మీద ఆకు పసుపెక్కనిచ్చి, తర్వాత ఆకు ఆరేదాకా పెంచి, ఆఖర్న ఈనె ఎండేదాకా ఇంకా పెంచుతారు. ఆ మెట్లన్నీ కళ్లముందే చూడొచ్చు.

ఇంకో సంగతి మీకు చెప్పక్కర్లేదు గానీ హుషారులో మర్చిపోతాం. బయల్దేరే మనిషిని "ఎక్కడికి?" అని అడక్కూడదు. సముద్రం మీదకు పోయేవాళ్లను అసలు అడక్కూడదు. మీకు శకునాల మీద నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తిరిగొచ్చాక అడగండి.

5. మొదటి మాట

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నేను మొదటిసారి విడవలూరు వైపు ఒక గుంట దగ్గరికి నోటుబుక్కు చేతిలో పట్టుకుని వెళ్లాను. ఇన్‌షర్టు, కళ్లజోడు. "ఎన్ని ఎకరాలు పెద్దాయనా ఇది? ఎంత పెట్టుబడి అవుద్ది?" అన్నాను. కాపలా ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి "నాకేం తెలవదు సార్, ఓనరు నెల్లూర్లో ఉంటాడు" అని గుడిసెలోకి పోయి కుక్కను విప్పాడు. తప్పు ఆయనది కాదు. పుస్తకం పట్టుకుని ఎకరాలు అడిగేవాడు పల్లెటూళ్లో సర్వేకైనా వచ్చుండాలి, కరెంటు మీటర్లకైనా వచ్చుండాలి, ఏదైనా పథకం పీకేయడానికైనా వచ్చుండాలి.

నెల తర్వాత అదే గుంట దగ్గరికి మామూలు చొక్కాతో, పుస్తకం జేబులో పెట్టుకుని, సాయంత్రం వెళ్లాను. ఆయనే ముందు పలకరించాడు.

"ఏంది సార్, ఈడ నిలబడుకోని ఉండారు?"

"కావలి కాడ స్కూల్లో చెప్తాను పెద్దాయనా. ఈ చక్రాల్ని చూస్తే మేత సర్దడానికేమో అనుకున్నా. మా పిల్లలకు అట్నే చెప్పాను కూడా. ఇప్పుడు డౌటొచ్చింది, తప్పు చెప్పానేమోనని."

ఆయన పగలబడి నవ్వాడు. "మేత కాదు అయ్యోరూ, గాలి! రాత్రి పొద్దు గాలి చాలదు వాటికి. తెల్లారగట్ల కరెంటు పోయిందంటే మొత్తం పైకి తేలాడతాయి. అప్పుడు జనరేటరు తిరగలేదా, ఇంక మా ఓనరు నా ప్రాణం తీస్తాడు."

సార్ కాస్తా అయ్యోరు అయింది చూశారా? ఈ రెండోసారి మాటలో మూడు ముక్కలున్నాయి. నేనెవరు, ఏ ఊరు. ఎందుకు అడుగుతున్నాను. నా తప్పు ఊహ ఏంటి. మూడోది దాచుకోకుండా చెప్పండి. తప్పు చెప్పినవాణ్ణి సరిదిద్దాలని ఎవరికైనా నాలుక దురదపెడుతుంది. "ఇది ఎందుకండీ?" అని మాత్రమే అడిగితే ఆ దురద పుట్టదు.

ఇంకో చిట్కా. "ఎందుకు" బదులు "ఎట్లా" వాడండి. "ఎందుకిట్లా చేస్తున్నారు?" అన్నది మన భాషలో సగం మందలింపు, ఇంట్లో అత్తగారు అడిగే తీరు. "ఇది ఎట్లా చేస్తారు?" అంటే పని చూపించమన్నట్టు. ఎందుకో అన్నది ఆ చూపించడంలోనే బయటపడుతుంది.

మొదటి రోజు అడక్కూడనివి: కులం, జీతం, ఎకరం ధర, పంటకు ఎంత మిగిలింది, పిల్లలెందరు, అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదేం. ఇవి వాళ్లే చెప్తే వినండి. మీరు అడక్కండి. మీ గురించి వాళ్లు ఇవన్నీ అడిగితే విసుక్కోకుండా చెప్పండి. అది వాళ్ల ఊరు, వచ్చిపడింది మీరు.

ఆడవాళ్లు ఒంటరిగా గుంటల వెంట, బ్యారన్ల వెంట తిరగమని నేను చెప్పను. ఇంట్లోవాళ్లనో స్నేహితురాలినో తోడు తీసుకెళ్లండి, లేకపోతే ఆ పనిచేసే ఇంటి ఆడవాళ్లతో మొదలుపెట్టండి. నిజానికి పొగాకు ఆకు గ్రేడింగ్ గురించి, మగ్గానికి ముందు నూలు తయారుచేయడం గురించి మగవాళ్లకన్నా వాళ్లకే ఎక్కువ తెలిసుంటుంది.

6. రెండో ప్రశ్న జవాబులోంచి తీయండి

ఇంట్లో రాసుకెళ్లిన పది ప్రశ్నల జాబితా ఉంటే అక్కడే చించేయండి. ఎదుటి మనిషి చెప్పినదాంట్లో మీకు అర్థం కాని ఒక్క మాట పట్టుకుని అదే తిప్పి అడగండి. "పైకి తేలాడతాయా?" అన్నాను నేను, అంతే. దానికి పావుగంట జవాబు వచ్చింది. చెక్ ట్రే, అంటే మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో వేలాడదీసే పళ్లెం, పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూపించాడు. "కౌంట్" అంటే ఏంటో చెప్పాడు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు 100. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. మార్కెట్లో ఏళ్ల తరబడి ఈ మాట వింటూ తలకిందులుగా అర్థం చేసుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇక్కడ చేసే తప్పులు: మధ్యలో "మా మేనమామకీ గుంటలుండేవి" అని మన కథ ఎత్తుకోవడం, వాళ్ల వాక్యం మనం పూర్తి చేయడం. ఇంకొకటి మౌనాన్ని భరించలేకపోవడం. జవాబయ్యాక మనసులో ఐదు లెక్కపెట్టండి. అసలు సంగతి చాలాసార్లు ఆ ఐదు తర్వాతే వస్తుంది.

"నాకేం తెలుసు సార్, అలవాటే" అంటే నిరుత్సాహపడొద్దు. అది వినయం కావచ్చు, నిజంగా మాటల్లో చెప్పలేకపోవడమూ కావచ్చు. "అయితే ఒకసారి చేసి చూపించండి, నేను చూస్తా" అనండి.

7. వచ్చాక రాసుకోండి

ఎదురుగా రాయొద్దు. బస్సెక్కాక రాయండి, ఆ పూటే. రేపనుకుంటే సగం పోతుంది. వాళ్లు వాడిన మాటలు వాళ్లు అన్నట్టే రాయండి, దిద్దొద్దు. "గాలి చాలదు" అన్నదాన్ని "ఆక్సిజన్ లోపం" అని రాసుకుంటే మళ్లీ వెళ్లినప్పుడు ఆ మనిషితో మాట్లాడే భాష పోగొట్టుకున్నట్టే. ఫొటో కావాలంటే అడిగి తీసుకోండి, వద్దంటే వద్దు.

8. సరిచూసుకోండి

విన్నదల్లా నిజం కాదు. వినయంగా చెప్పినంత మాత్రాన నిజమైపోదు.

పని గురించి విన్నదైతే రెండు రకాలుగా చూడండి. ఒకటి, అదే పనిచేసే ఇంకొకరిని వేరే ఊళ్లో అడగండి. రెండు, పుస్తకంలోనో ఫోన్లోనో చూడండి, ఇప్పుడు దాని వంతు. గుంట సంగతి రెండు చోట్లా నిలిచింది. నీళ్లలో కంటికి ఆనని పాచి పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వదలకపోగా అదే ఇంత పీల్చుకుంటుంది. అందుకే తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కాపలా ఆయన "తెల్లారగట్ల" అన్న మాట సరిగ్గా సరిపోయింది. చీమకుర్తి రాయిలో మెరుపు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. టార్చిలైటును అటూ ఇటూ వంచుతూ చూడండి, ఒక చుక్క ఆరిపోయి పక్క చుక్క వెలుగుతుంది.

చరిత్ర విషయమైతే మరింత జాగ్రత్త. మనవైపు ప్రతి కోట నుంచీ ప్రతి గుడికీ సొరంగం ఉంటుంది, దాన్ని చూసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. ప్రతి చెరువూ కృష్ణదేవరాయలు తవ్వించిందే. ఆయన 1514లో ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలుచుకున్నమాట నిజం, అంతమాత్రాన మీ ఊరి బావి ఆయనదైపోదు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. అంతకుముందు 1873లో బాస్వెల్ రాసిన జిల్లా మాన్యువల్ ఉంది. ఇంగ్లిష్‌లోనే ఉంటాయి గానీ మీ ఊరి పేరు వెతుక్కోవడానికి ఆ మాత్రం ఇంగ్లిష్ చాలు.

రెండు జవాబులు వస్తే ఒకటి కొట్టేయకండి. నెల్లూరు పేరు నెల్లి, అంటే ఉసిరి చెట్టు నుంచి వచ్చిందని కొందరు, నెల్లు అంటే వరి కాబట్టి దాన్నుంచి వచ్చిందని మరికొందరు చెప్తారు. రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి.

9. తిరిగి వెళ్లండి

నూటికి తొంభైమంది వదిలేసే మెట్టు ఇది. జవాబు దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. మనకు ఒక సంగతి చెప్పిన మనిషికి ఆ సంగతి ఎక్కడిదాకా పోయిందో తెలియాలి. డబ్బులివ్వకండి, చెడిపోతుంది. కబురు తీసుకెళ్లండి.

ఒంగోలు దగ్గర ఒక రైతు తన ఎడ్ల మూపురం ఎలా చూడాలో, గంగడోలు ఎలా ఉండాలో నాకు గంటసేపు చూపించాడు. తర్వాత చదువుతుంటే ఈ జాతి పశువులు 19వ శతాబ్దంలో ఓడల్లో బ్రెజిల్ చేరాయని, ఇప్పుడక్కడి పశువుల్లో ఎక్కువ భాగం ఆ సంతతేనని తెలిసింది. కానీ అక్కడ దీన్ని ఒంగోలు అనరు, నెలోరి అంటారు. మన నెల్లూరే! ఒంగోలు ఎద్దుకు నెల్లూరు పేరేంటని తవ్వితే, ఆ రోజుల్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1970లో ఒంగోలు జిల్లా వేరుపడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఇది మోసుకుని మళ్లీ ఆ రైతు దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఎద్దు వీపు మీద చరిచి, "విన్నావంట్రా, మీవోళ్లు దేశాలేలతన్నారంట" అన్నాడు. ఆ రోజు భోంచేయకుండా పోనివ్వలేదు.

అడగాలంటేనే సిగ్గుగా ఉంటే

వీధిలోకి పోకండి, వంటింట్లోంచి మొదలుపెట్టండి. అమ్మనో అత్తయ్యనో చేపల పులుసు గురించి అడగండి. "చింతపండు ఎంత?" అంటే "చేతికి తెలుస్తుందిలే" అంటారు. అప్పుడు ఆవిడ చేతికింద గిన్నె పట్టండి. ఆవిడ వేసేది గిన్నెలో పడాలి, మీరు దాన్ని స్పూనుతో కొలిచి మళ్లీ కూరలో వేయాలి. మా అమ్మ "చిటికెడు" అన్న ఉప్పు కొలిస్తే టీస్పూనున్నర తేలింది. అప్పటిదాకా ఆవిడ చెప్పిన కొలతతో వండిన మా చెల్లెలు చప్పిడి పులుసులే తింది పాపం. ఆ తర్వాత "మామిడికాయ ముక్కలు ముందే వేస్తే ఏమవుతుంది?" లాంటివి అడగండి. ఒకరోజు ముందే వేయించి చూడండి కూడా.

ఇల్లు దాటాలనుకుంటే మన జిల్లాలోనే ఒక మంచి చోటుంది. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ముక్కూమొహం తెలియని జనం "చదువు రొట్టె ఎవరి దగ్గరుంది? ఉద్యోగం రొట్టె ఎవరికి కావాలి?" అని కేకలేసుకుంటుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. కొత్తవాళ్లను పలకరించడమే అక్కడి ఆచారం కాబట్టి మీ సిగ్గు ఎవరికీ కనపడదు. రొట్టె ఇచ్చేవాళ్లను "ఎన్నేళ్ల కిందట తీసుకున్నారు?" అని అడగండి, సంతోషంగా చెప్తారు. తీసుకునేవాళ్లను మాత్రం ఏమీ అడక్కండి. సంతానం రొట్టె కోసం చెయ్యి చాచినావిడకు మీ ఆసక్తితో పనిలేదు.

ఇంట్లో పిల్లలుంటే

వాళ్లు అడగడం మానేశారంటే మనమే మాన్పించాం, ఇందులో దాచడానికేం లేదు. ఒకప్పుడు "నోర్మూసుకో" అనేవాళ్లం, ఇప్పుడు ఫోన్ చేతికిచ్చి "చూసుకో" అంటున్నాం. రెంటికీ తేడా తక్కువ. పిల్ల ప్రశ్న వేయగానే జవాబు చెప్పకండి. "నీకేమనిపిస్తోంది?" అనండి, ఆ ఊహ గోడ మీద తేదీతో రాయించండి, తర్వాత "పద చూద్దాం" అనండి. చేసి చూడలేని ప్రశ్న అయితే రెండో మెట్టు దగ్గరే ఆగినా ఫర్వాలేదు.

మనకు ఒక సౌకర్యం ఉంది, శ్రీహరికోట. ప్రయోగం ఉన్న రోజు నెల్లూరు వాళ్లు మేడెక్కితే చాలు, మబ్బు లేకపోతే నిప్పు గీత కనపడుతుంది. వీలైతే సూళ్లూరుపేట దాకా తీసుకెళ్లండి. రాకెట్ లేవడం ముందు కనపడి, ఉరుము తర్వాత వినపడుతుంది. మంట కనపడగానే పిల్లల్ని సెకన్లు లెక్కపెట్టమనండి. శబ్దం 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు నడుస్తుంది. వచ్చిన అంకెను 3తో భాగించి, ఇంటికొచ్చి మ్యాప్‌లో కొలవండి. దగ్గరగా వస్తే పిల్ల ఎగిరి గంతేస్తుంది, రాకపోతే "ఎక్కడ తప్పాం?" అని ఇంకో గంట గడుస్తుంది. నాకు రెండోదే ఇష్టం. ఇంకా దగ్గర్నుంచి చూడాలంటే ప్రజల కోసం 2019లో తెరిచిన గ్యాలరీ ఉంది, ముందే పేరు నమోదు చేసుకోవాలి.

మార్కులకు ఇవన్నీ ఎందుకంటారా? 2014లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగంలో, జవాబు కోసం ఆత్రంగా ఎదురుచూస్తున్న వేళ మధ్యలో చూపించిన సంబంధంలేని మొహాలు కూడా జనానికి బాగా గుర్తున్నాయి. పాఠానికి ముందు ప్రశ్న పుట్టించాలని నేను మా స్టాఫ్ రూమ్‌లో వాదించేది అందుకే. అందరూ ఒప్పుకోరు, సిలబస్ అవదంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలయ్యాక పుస్తకం తిరగేయండి. మీ ఊహలన్నీ ఒప్పే అయ్యాయా? అయితే మీరు తెలిసినవే అడుగుతున్నారు, ప్రశ్నలు మార్చండి. ఊళ్ల పేర్లు, వయసులు, సంపాదనలే నిండి ఉన్నాయా? ఆరాలోకి జారారు, మళ్లీ ఒకటో మెట్టు నుంచి రండి. విన్నదాన్ని చెప్పిన మనిషి ముందే తిరిగి చెప్పి చూడండి. ఆయన ఒకటి రెండు చోట్ల "అట్టా కాదు" అని దిద్దితే బాగా విన్నట్టు. "ఆ, ఆ, అంతే" అని తలూపితే మర్యాదకు ఊరుకున్నాడేమో అనుమానించండి.

అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది, ఎదురు ప్రశ్న. మూడోసారి వెళ్లినప్పుడు గుంట కాపలా పెద్దాయన కుక్కను కట్టేసి, టీ పోసి, "అయ్యోరూ, నాకో డౌటు" అన్నాడు. "మా ఊరి బడిలో గంటకి రైలు పట్టా ముక్క ఏలాడదీసుంటారు. దాన్ని కొడితే ఊరంతా ఇనపడుద్ది. అంతే బరువుండే ఇంకో ఇనప ముక్కని కొడితే 'టక్' మంటది, అంతే. ఎందుకంటారు?"

ఇరవై ఏళ్లుగా రోజుకు ఎనిమిదిసార్లు ఆ గంట వింటున్నాను. జేబులోంచి పుస్తకం తీసి, ఈసారి ఆయన ఎదురుగానే, ముందు నా ఊహ రాశాను. ఆయన ఊహ కూడా రాయమన్నాడు, రాశాను. మా స్కూలు అటెండరును, కావలి స్టేషన్ దగ్గర పట్టాల పనివాళ్లను ఇప్పటికి అడిగాను. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. వచ్చే ఆదివారం ఒక ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లాలి.